రాయి 214

మాఘ పౌర్ణమి మర్నాడు

214.

డ్యూటీ పుస్తకం తెరిస్తే మొదట రాయాల్సిన అంకె ఇది. సముద్రపు కట్టకున్న షట్టర్లను కాసే లష్కర్లు రాస్తారు, కట్ట ఆఫీసులో సూపర్నెంటు రాస్తాడు, లష్కర్లకు పాఠాలు చెప్పే నేనూ రాస్తాను. ఎందుకని అడిగితే మా ఊరు దిగువదివిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. చెప్పులు విడిచి ఇంట్లోకి వెళ్లినట్టు 214 రాసి పుస్తకంలోకి వెళ్తాం, అంతే.

నా పేరు నాంచారమ్మ. వయసు యాభై ఎనిమిది. పొద్దున మంచినీళ్ల వంతుకి వెళ్తే మనిషికి రెండు చెంబులు తగ్గించారు. కాలవలో ఉప్పు పెరిగిందట, వడపోసే యంత్రం మొరాయిస్తోందట. ఉప్పునేలల్లో మొలిచే ఇలకూర రెండుసార్లు ఉడికించి వార్చాను. అయినా ఉప్పు వదల్లేదు. మా ఊళ్లో కూరకి ఉప్పు వేయడం ఎవరికీ రాదు, తీయడమే వచ్చు.

తొమ్మిదింటికి కొత్త లష్కర్లకు మొదటి పాఠం. పన్నెండు మంది. బోర్డు మీద నాలుగు వరుసలు రాశాను.

చేర్చుము "కట్ట"
షట్టరు 11
పోటు వచ్చిన దించుము
పాటు వచ్చిన ఎత్తుము

ఈ పాఠం నాది కాదు, మా గురువు సీతాపతి మాస్టారిది. మన యంత్రాలు మర్యాదస్తులని ఆయన అనేవారు. 'ఎత్తు' అంటే కదలవు, 'ఎత్తుము' అనాలి. చెయ్యమనే మాట ఏదైనా 'ము'తో ముగియాలి. 'ము' లేనిది ఏదో ఒకదాని పేరు, దాని పక్కన దాని అంకె. పోటు పెరిగేటప్పుడు షట్టరు దిగకపోతే సముద్రం లోపలికి వస్తుంది. పాటుకి ఎత్తకపోతే ఊళ్లో మురుగు బయటికి పోదు. నీటిని చూసే పరికరాలు ఏనాడో తుప్పుపట్టి పోయాయి కాబట్టి, ఎప్పుడు దిగాలో షట్టర్లు లెక్క కట్టుకుని దిగుతాయి. సముద్రం కన్నా కింద బతికే మా తొమ్మిది వేల మంది ప్రాణాలు ఈ నాలుగు వరుసల్లోనే ఉన్నాయి.

మొదటి వరుస దగ్గర ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాను. "ఈ వరుస గురించి తర్వాత చెబుతాను. ప్రస్తుతానికి ఇలాగే రాయండి."

పదకొండు తలలు ఊగాయి.

"తర్వాతంటే ఎప్పుడండీ?" అంది వెనకనుంచి జోజమ్మ.

జోజమ్మకు ముప్ఫై నాలుగేళ్లు. మొన్నటిదాకా మడ అడవుల్లో పీతలు పట్టింది. పల్లపువాడలో పదకొండో షట్టరుకి మనిషి లేకపోతే ఆ పనిలో చేరింది. పీతలు పట్టేవాళ్లకు బొరియ కనిపిస్తే చెయ్యి పెట్టకుండా ఉండలేరు.

"ఇరవైమూడో పాఠంలో" అన్నాను.

అబద్ధం కాదు. మాస్టారి పుస్తకంలో అలాగే ఉంది. ఇరవైమూడో పాఠమే లేదు. ఇరవైరెండు రాసి ఆయన పోయారు.

మాఘ బహుళ పంచమి

214.

జోజమ్మ ఇంటికి వచ్చింది, నాలుగు పీతలతో. పీతలు వంక, ప్రశ్నలు అసలు సరుకు. తన షట్టరు ప్రోగ్రాము కాయితం మీద రాసుకొచ్చింది. ప్రతి వరుస పక్కనా రెండు ఏటవాలు గీతలు గీసి ఏదో రాసింది.

రెండు గీతల తర్వాత రాసేదాన్ని మేము పక్కమాట అంటాం. యంత్రం దాన్ని చదవదు, దాటేసి వెళ్లిపోతుంది. మనిషి కోసం మనిషి రాసే మాట అది. ఇప్పుడు ఎవరూ రాయరు, రాయకూడదు కూడా. ఫైళ్లు దాచుకునే డేటా రేకులు చేసే ఫ్యాక్టరీ మునిగిపోయాక ఉన్న రేకుల్లోనే సర్దుకోవాలి కదా. అందుకని ఆఫీసు పక్కమాటలన్నీ తుడిపించేసింది. ఫైలు నెత్తిన రాసినవాళ్ల పేరు, తేదీ మాత్రం ఉండొచ్చు.

ఈ రూల్స్ అన్నీ తెలిసి కూడా ఊరుకోలేకపోయాను. పంతులమ్మ బుద్ధి ఎక్కడికి పోతుంది!

"ఏమిటే ఇది? 'దించుము' పక్కన 'షట్టరు దించుతుంది' అని రాశావు. అన్నం తింటూ అన్నం తింటున్నానని గోడ మీద రాసుకుంటారా?"

"మరేం రాయాలండీ?"

"తినకుండా మధ్యలో లేచిపోయావనుకో, ఎందుకు లేచావో అది రాయి. ఏం చేస్తుందో వరుసే చెబుతుంది. ఎందుకో పక్కమాట చెప్పాలి. రేపు నువ్వు లేకపోయినా చదివినవాళ్లకు తెలియాలి."

ఆమె కాయితం మడిచింది. "మరి రాయకూడదన్నారు గదండీ. రాయకూడనిది నేర్పుతారేంటండీ?"

"పీతలు బాగున్నాయి, ఇక వెళ్లు" అన్నాను.

మాఘ అమావాస్య

214.

పల్లపువాడలోకి నీళ్లు వచ్చాయి. చీలమండ దాకా. నలభై ఇళ్లు తడిశాయి. ఒక ముసలాయన జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. సూపర్నెంటు భావనారాయణ వచ్చి షట్టరు అంచు రబ్బరు అరిగిందన్నాడు, మార్పించాడు. మంచివాడే భావనారాయణ. కాకపోతే పైనుంచి వచ్చిన కాయితంలో ఉంటే ఎద్దు ఈనిందన్నా దూడని కట్టెయ్యమనే రకం.

అతను వెళ్లాక జోజమ్మ నా కొంగు పట్టుకుంది.

"రబ్బరు కాదండీ. షట్టరు లేటుగా దిగిందండీ. నీళ్లు షట్టరు కింది గడప దాటాక తొమ్మిది నిమిషాలకి దిగింది. పున్నానికి ఆరు నిమిషాలు. నేను కూసుని లెక్కెట్టా."

"నీ గడియారం తప్పయి ఉంటుంది."

"గడియారం నాది కాదండీ, ఆఫీసుదే."

ఫాల్గుణ శుద్ధ పంచమి

214.

క్లాసు అయిపోయాక అందరూ వెళ్లారు, జోజమ్మ మిగిలింది. గుమ్మడికాయల దొంగ అనకముందే నా చేతులు భుజాల మీదికి పోయాయి.

"పంతులమ్మగారూ, కోప్పడకండి. నేను 'కట్ట' ఫైలు తెరిసి సూశానండీ."

అన్ని షట్టర్ల మొదటి వరుసలోనూ చేరే ఆ 'కట్ట' ఫైలు ముట్టుకుంటే పంతొమ్మిది షట్టర్లూ ఒక్కసారి ఆగిపోతాయని ఊళ్లో అందరి నమ్మకం. ఆ మాట పుట్టించింది నేనే. ఎవరూ తెరవకపోతే ఎవరూ అడగరు కదా.

"ఏముంది అందులో?" అన్నాను. నిజంగా నాకు సరిగ్గా గుర్తులేదు.

"ఒక్కటే వరుసండీ. రాయి 214. అంతే."

నాకు నవ్వొచ్చింది. "ఓస్, అదేగా! 214 రాయమని. పుస్తకంలో మనందరం రాస్తున్నది అదేగా."

"మరి అన్నిటికీ 'ము' ఉంటది గదండీ. ఎత్తుము, దించుము, చేర్చుము. రాయమనాలంటే 'వ్రాయుము' అనుండాలి గదండీ? ఇదొక్కటే 'రాయి' ఏంటండీ?"

ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని నేను. మూడు వారాలు పాఠం విన్నది ఆమె. ఆ ప్రశ్న నా నోటినుంచి రావాల్సింది. రానందుకు సిగ్గుపడాల్సింది పోయి కోపం తెచ్చుకున్నాను.

"మాస్టారు తొందరలో రాసుంటారు. నీకు ఇరవైమూడో పాఠం దాకా ఓపిక లేకపోతే మడల్లోకే పో."

ఆమె తల వంచుకుని వెళ్లింది. వెళ్తూ నా బోర్డు తుడిచి వెళ్లింది.

ఫాల్గుణ శుద్ధ ఏకాదశి

214.

ఆ 'ము' లేని మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఇవాళ నిజం రాసేస్తాను. చదివేవాళ్లు లేరు కాబట్టి రాస్తున్నాను.

ముప్ఫై ఒక్క ఏళ్ల క్రితం పక్కమాటలు తుడవమని ఆఫీసు ఉత్తర్వు వచ్చినప్పుడు ఆ పని చేసింది నేను. ఇరవైఏడేళ్ల పిల్లని, చురుకైనదాన్నని పేరు. తుడిచే ప్రోగ్రాము నేనే రాశాను, దానికి 'తుడుపు' అని పేరు కూడా పెట్టుకుని మురిసిపోయాను. ఒక్క పూటలో నాలుగు వేల ఫైళ్లు.

సీతాపతి మాస్టారు అప్పటికే జ్వరంతో ఉన్నారు. గుమ్మంలో నిలబడి, "నాంచారూ, చదివి తుడువమ్మా" అన్నారు.

"చదువుతూ కూర్చుంటే ఏడాది పడుతుంది మాస్టారూ" అన్నాను.

'కట్ట' ఫైలు తెర మీదికి వచ్చినప్పుడు దాని నెత్తిన పదకొండు వరుసల పక్కమాట ఉంది. మొదటి వరుసలో 'ఉగాది' అన్న మాట కనిపించింది. ముసలాయన పండగ కబుర్లు రాసుకున్నారనుకున్నాను. మీట నొక్కాను. పదకొండు వరుసలూ పోయి ఒకటి మిగిలింది.

ఆ వర్షాకాలంలో ఆయన పోయారు. ఆయన పాఠాల పుస్తకం నాకు ఇచ్చారు. 'తర్వాత చెబుతాను' అన్న చోటల్లా నేనూ తర్వాత చెబుతాను అంటూ వచ్చాను. అలా అంటుంటే నాకు తెలుసని జనం అనుకున్నారు. కొన్నాళ్లకు నేనూ అనుకున్నాను.

నాకు తెలియదు. ఈ రెండు మాటలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది, అదీ మూసేసే పుస్తకంలో.

ఫాల్గుణ పౌర్ణమి

214.

మోకాలి లోతు. పల్లపువాడ మంచినీళ్ల తొట్టిలో ఉప్పు నీళ్లు కలిశాయి. రెండేళ్ల పాప ఒకతె వాంతులతో పోయింది. పేరు కూడా సరిగా పెట్టలేదు ఇంకా, చిట్టి అనేవారు.

భావనారాయణ పల్లపువాడనుంచి నేరుగా నా దగ్గరికే వచ్చాడు, ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి.

"నాంచారమ్మగారూ, పదకొండో నంబరు ఫైలు చూశారా? ఆ జోజమ్మ పక్కమాటలు రాసింది. ఒకటి కాదు, ఇరవై ఆరు వరుసలు! షట్టరు బరువెక్కి లేటవుతుందంటే అవదూ మరి?"

"పక్కమాటల్ని యంత్రం చదవదండీ. వాటివల్ల లేటవదు."

"అవుతుందని పైవాళ్లు అంటున్నారు. మీ శిష్యురాలు, మీరే తుడవండి. నేను చేస్తే ఆమె ఉద్యోగం పోతుంది."

పాపం, అతను ఆమెకు మేలే చేశాననుకున్నాడు.

ఈసారి చదివాను. ఒక్కటి కూడా 'షట్టరు దించుతుంది' అని లేదు. నేను చెప్పినట్టే రాసింది, అన్నీ ఎందుకులే. "// ఆరు నిమిషాలు లేటు. ఎందుకో తెలియదు, అందుకే రాసి పెడుతున్నాను." "// తొమ్మిది. గడియారం రెండుసార్లు సరిచూశాను." "// పదహారు. రబ్బరు మార్చాక కూడా, కాబట్టి రబ్బరు కాదు. పద్నాలుగో నంబరు లష్కరుని అడిగాను, అక్కడా ఇంతే. కాబట్టి తప్పు పదకొండులో లేదు, అందరూ చేర్చుకునేదాంట్లో ఉంది."

చదివి, మీట నొక్కాను. ఇరవై ఆరు వరుసలు. నా చేతికి అది కొత్త పని కాదు.

ఫాల్గుణ బహుళ ద్వాదశి

214.

మూడు రోజుల్లో అమావాస్య, మర్నాడు ఉగాది. ఏడాదిలో పెద్ద పోటు ఈ రెండు రోజులే. ఊళ్లో ఆడవాళ్లు పసుపు నూరుకుంటున్నారు. ఉగాది పొద్దున పోటు వచ్చేసరికి ఒకటో షట్టరు పక్కన, సముద్రం వైపు కట్ట అంచున, పాదం నీళ్లలో ఉన్న కట్టమ్మను కడిగి, పసుపు రాయడం మా ఆచారం. నిలువెత్తు రాయి. పసుపు మీద పసుపు పడి బెత్తెడు మందాన మెత్తుకుపోయి ఉంటుంది.

జోజమ్మ వచ్చింది. తుడిచింది నేనేనని తెలుసు. ఆ మాట ఎత్తలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"అమావాస్యకి ఇరవై నిమిషాల పైన లేటవుద్దండీ. నడుం లోతు వస్తది. మా వాడలో ముసలోళ్లు, పిల్లలు ఉన్నారు. చేత్తో తిప్పే చక్రం ఉంది గదా, దాంతో ముందే దింపేస్తానండీ."

"ఆ చక్రం షట్టరు కింద గోతిలో ఉంది. నలుగురు మనుషులు కావాలి. నీళ్లు ముందు గోతిలోకే వస్తాయి."

"అందుకే మిమ్మల్ని అడగడానికొచ్చా. ఆ పై వరుస సంగతి ఇప్పుడన్నా చెప్పండి. అదేంటో తెలిస్తే గోతిలోకి దిగక్కర్లేదు."

నా ఎదురుగా కూర్చుంది. చేతులనిండా పీత గీరిన మచ్చలు. నాకు తెలియదమ్మా, నేనే తుడిచేశాను, పద ఇద్దరం కలిసి వెతుకుదాం. అనాల్సింది ఇంతే. నాలిక చివరిదాకా వచ్చింది. ముప్ఫై ఏళ్ల పంతులమ్మగిరీ దానికి అడ్డం పడింది.

"పండగ వెళ్లనీ. ఉగాది తర్వాత చెబుతాను" అన్నాను.

"సరేనండీ" అంది. నమ్మింది.

ఫాల్గుణ అమావాస్య

214.

జోజమ్మ చనిపోయింది.

ఉదయం ఎనిమిదింటికి నీళ్లు గడపకి వచ్చాయి. షట్టరు దిగలేదు. జోజమ్మ, ఆమె భర్త దానియేలు, ఇంకో ఇద్దరు గోతిలోకి దిగి చక్రం తిప్పారు. నీళ్లు ఛాతీ దాకా వచ్చేసరికి షట్టరు దాదాపు అంతా దిగింది. చక్రం వెనక్కి తిరగకుండా ఇనుప కమ్మీ అడ్డం పెట్టాలి. మీరు ఎక్కండి, నేను కమ్మీ పెట్టి వస్తానని ముగ్గురినీ పైకి పంపింది. కమ్మీ పెట్టింది. రాలేదు.

షట్టరు తనంతట తాను దిగాల్సిన వేళకి, ఇరవైనాలుగు నిమిషాల తర్వాత, మోటారు మోగింది. అప్పటికే దిగి ఉన్న షట్టరుని దించడానికి.

పల్లపువాడలో నీళ్లు పిక్కల దాకా వచ్చి ఆగాయి. ఇంకెవరూ పోలేదు.

పాటు వచ్చాక తీశారు. నేను వెళ్లాను. దగ్గరికి వెళ్లలేకపోయాను. ఆమె అత్తగారు నన్ను చూసి, "రండి పంతులమ్మగారూ, మీరంటే దానికి ఎంత ఇదో!" అని ఏడ్చింది. నేను మనిషినేనా?

ఉగాది

ఈరోజు పైన అంకె రాయలేదు. చెయ్యి రాలేదు.

పొద్దున్నే దానియేలు వచ్చాడు. పెద్ద మనిషి, మాట తక్కువ. కళ్లు వాచి ఉన్నాయి.

"అమ్మగారూ, షట్టరు గదిలో గోడంతా ఏదో రాసిందండీ మా ఆడది. ఆఫీసోళ్లు సున్నం కొడతామంటున్నారు. నాకు సదువు రాదు. మీరొకసారి సదివి పెడితే..."

చదివి తుడువమ్మా. ఆ గొంతే వినిపించినట్టయింది.

వెళ్లాను. నిన్నటి కమ్మీ ఎవరూ తీయలేదు, షట్టరు దిగింది దిగినట్టే ఉంది. గోడ మీద బొగ్గుతో రాసింది. రేకుల్లో చోటు లేదన్నారు కాబట్టి గోడ మీద రాసుకుంది. మొదట ఆ నాలుగు వరుసలు, నేను బోర్డు మీద రాసినట్టే. మొదటి వరుస పక్కన రెండు గీతలు.

చేర్చుము "కట్ట" // ఇదేంటో పంతులమ్మగారు ఉగాది తర్వాత చెప్తారు.

గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. దానియేలు, "ఏం రాసిందండీ?" అన్నాడు. చదివి వినిపించాను. ఆ ఒక్క వరుసే, మూడుసార్లు.

దాని కింద ఇంకొకటి ఉంది. ఆఖరున రాసినట్టుంది, బొగ్గు తడిసి అలుక్కుపోయింది.

రాయి 214 // ము లేదు. కాబట్టి రాయమని కాదు. పేరు. ఏ రాయి?

ఏ రాయి.

కిటికీ అవతల కట్ట మీదినుంచి ఆడవాళ్లు వెళ్తున్నారు. చేతుల్లో పసుపు గిన్నెలు, నీళ్ల బిందెలు. పోటు వేళవుతోంది.

ఈ వయసులో అంత దూరం పరిగెత్తగలనని నేననుకోలేదు. దానియేలు నా వెనకే వచ్చాడు. పదకొండో షట్టరునుంచి ఒకటో షట్టరు దాకా ఏకబిగిన. వాళ్లు కట్టమ్మ మీద మొదటి బిందె పోయబోతుంటే అడ్డంపడి, కాలికింద దొరికిన ఆల్చిప్పతో పసుపు గీకడం మొదలుపెట్టాను.

"అయ్యో అయ్యో, పండగపూట అమ్మవారి మొహం గీకుతున్నారేంటండీ! మతి పోయిందా?"

"పోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ల క్రితం పోయింది. పట్టుకోకండి నన్ను."

దానియేలు మొలలోని కత్తి తీసి రెండోవైపు గీకాడు. ముందు పసుపు పెచ్చులుగా ఊడింది. దాని కింద సున్నం. సున్నం కింద గీతలు. వేలెడు వేలెడు దూరంలో, ఉలితో చెక్కిన గీతలు, పదేసి గీతలకు ఒక అంకె. 260. 250. 240. నీళ్లు 240కి మూడు గీతల పైన అల్లాడుతున్నాయి. అరగంట చూశాం. అంతకంటే పెరగలేదు.

243.

ఈ అమావాస్య మర్నాటి పోటు ఏడాదికల్లా పెద్దది. ఆ పోటుకి ఈ రాయిని కడిగి, నీళ్లు ఏ గీత దగ్గర ఉన్నాయో చూసి, ఆ అంకెను 'కట్ట' ఫైలులో మార్చాలి. మాస్టారి పదకొండు వరుసలు ఇవే. కడగడం గుర్తుంది. చూడటం మరిచిపోయాం. మార్చమన్న మాట నేను తుడిచాను. ముప్ఫై ఒక్క ఏళ్లుగా సముద్రం పెరుగుతోంది, షట్టర్లు మాత్రం ఆనాటి సముద్రాన్నే లెక్కపెట్టుకుంటున్నాయి. షట్టర్ల కింద కాస్త ఎత్తుగా కట్టిన గడపలు ఇన్నాళ్లూ కాచాయి. ఈ ఏడు అవీ చాల్లేదు.

రాయి అంటే రాయి. చెక్కిన రాయి. తెలుగు వచ్చిన మేమందరం దాన్ని రాయడం అనుకుని, ఆ తప్పుడు అంకెనే రోజూ, ప్రతి పుస్తకంలో, పొందికగా రాసుకుంటూ వచ్చాం.

చైత్ర శుద్ధ విదియ

243.

భావనారాయణ ముందు నమ్మలేదు.

"ఎవరు చెప్పారండీ మీకు? ఎక్కడ రాసుంది?"

"రాసుండేది. నేనే తుడిచాను."

అతను నా ముఖం చూశాడు. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి నా నోట తప్పు ఒప్పుకోవడం విన్నాడు. గోడ చూపించాను. సున్నం కొట్టొద్దని అతనే అన్నాడు.

నిన్న సాయంత్రమే అంకె మార్చాను. ఒక్కచోట మారిస్తే పంతొమ్మిది చోట్లా మారింది. చేర్చుము అంటే అదే. పంతొమ్మిది కుండల పాలకు ఒకే ఇంటినుంచి తోడు తెచ్చుకోవడం. తోడు చెడితే పంతొమ్మిదీ చెడతాయి. ఇంత చిన్న మాట చెప్పడానికి ఇరవైమూడో పాఠం దాకా ఆగక్కర్లేదు. మాస్టారు ఎందుకు ఆగారో నాకు తెలియదు. నేనెందుకు ఆగానో తెలుసు.

ఇవాళ పొద్దున పోటుకి షట్టర్లు అన్నీ నీళ్లు గడప ఎక్కకముందే దిగాయి. పదకొండో నంబరులో దానియేలు కూర్చుని చూశాడు. చెప్పడానికి వచ్చి, "టైముకే దిగిందండీ" అని గుమ్మంలో కూర్చుండిపోయాడు. చేతులు కాలాయి, ఆకులు దొరికాయి. ఆ కాలిన చేతులు మాత్రం నావి కావు.

పక్కమాటకి చోటు ఇమ్మని భావనారాయణని అడిగాను.

"రూల్ ఒప్పుకోదండీ. ఫైలు నెత్తిన పేరు, తేదీ వరకే చోటు."

"అయితే నా పేరు తీసేయండి. నేను రాసిన ఫైళ్లు, పాఠాలు అన్నిట్లోనూ. ఎన్ని అక్షరాలు వస్తాయి?"

లెక్కపెట్టాడు. తలెత్తకుండా, "సరిపోతుందండీ" అన్నాడు.

రేపు క్లాసు. కొత్తవాళ్లు పదకొండు మంది. మొదటి పాఠం మళ్లీ మొదలుపెట్టి, మొదటి వరుస దగ్గర ఈ ఫైలు తెరిచి చదివిస్తాను, ఆ తర్వాతే రెండో వరుస. ఇప్పుడు ఫైలు ఇలా ఉంది.

// రాయి అంటే కట్ట మీది రాయి. రాయమని కాదు.
// ఏటా ఉగాది పోటుకి పసుపు కడిగి, నీళ్లు ఏ గీతకు వచ్చాయో చూసి అంకె మార్చండి.
// మార్చకపోతే షట్టర్లు లేటుగా దిగుతాయి, మనుషులు పోతారు. ఇద్దరు పోయారు.
// ఏ రాయి అని అడిగింది జోజమ్మ, పదకొండో నంబరు లష్కరు. ఆమెకు తర్వాత చెబుతానన్నారు.
// చదవకుండా తుడవకండి.
రాయి 243